వెయ్యికి మూడు

కూనబారబ్రన్‌లో ఆరింటికల్లా మందుల షాపు మూసేస్తాను.
పగలంతా మైక్రోగ్రాముల లెక్క.
గ్వెండా థైరాయిడ్ బిళ్ళ డెబ్బై అయిదు.
వంద వేస్తే గుండె దడ, యాభై వేస్తే పగటి నిద్ర.
ఇంత మనిషిని అంత పొడి నడుపుతుందని
అలవాటు పడిన చేతులకి
రాత్రి నక్షత్రాన్ని తూచడం పెద్ద వింతేమీ కాదు.

పెరట్లో రేకుల షెడ్డు. కప్పు పక్కకి నెడితే కీచుమంటుంది,
పక్కింటి కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంటుంది.
జూన్ చలి. మేజోళ్ళ మీద మేజోళ్ళు.

టెలిస్కోపు కొన్నవాళ్ళంతా బొమ్మ స్పష్టంగా రావాలంటారు.
నేను కావాలనే మసక చేస్తాను.
సూదిమొన లాంటి చుక్క రెండు గళ్ళలో కుక్కుకుంటుంది,
గడి నిండి పొర్లిందా, లెక్క పోయినట్టే.
అందుకే గరిటె తిప్పి అట్టు పోసినట్టు
వెలుగుని వందల గళ్ళ మీద పలచగా పరుస్తాను.
తెర మీద తేలేది చుక్క కాదు,
నడుమ చిల్లుతో ఓ బూడిదరంగు గారె.
అందం పోయింది. తూకం కుదిరింది.

ఆ నక్షత్రానికి పేరు లేదు, పదకొండు అంకెలున్నాయి.
నారింజ రంగు. సూర్యుడి కంటే చిన్నది, చల్లనిది.
రెండు రోజులకోసారి దాని ముందునుంచి ఓ గ్రహం పోతుంది.
గ్రహాన్ని ఎవరూ చూడలేదు. నేనూ చూడను.
వందకి రెండు వంతుల వెలుగు తగ్గుతుంది, అంతే.
షాపు గుమ్మంలో మనిషి నిలబడితే
కౌంటరు మీద కాస్త మసక పడుతుందే, అలా.
తల ఎత్తకుండానే తెలుస్తుంది, ఎవరో వచ్చారని.

మంగళవారం. పది ఇరవైకి దిగడం మొదలు.
నిమిషానికో చుక్క.
గీత వంగి, అడుగు చేరి, సాఫీగా సాగుతూ సాగుతూ
పది యాభై అయిదుకి
లేచింది.
చిన్న మూపురం. వెయ్యికి మూడు.
కాసేపుండి మళ్ళీ కిందికి.

నాకు ఒళ్ళు మండింది.
గ్వెండా బండి లైట్లే అనుకున్నాను.
గొర్రెలు ఈనే కాలం, రాత్రిళ్ళు తిరుగుతుంది.
బుధవారం పొద్దున్నే కాగితం రాసి ఆవిడ గేటుకి తగిలించాను,
'దయచేసి' అని రెండుసార్లు.

గురువారం షాపుకొచ్చింది, అవే బిళ్ళలకి.
"మంగళవారమా? మెర్విన్ కంటి ఆపరేషన్.
ఆ రాత్రంతా డబ్బోలోనే ఉన్నాం" అంది.
మడత విప్పి కాగితం కౌంటరు మీద పెట్టింది.
"నీ రాత బావుంది."
డబ్బాలో బిళ్ళలు రెండోసారి లెక్కపెట్టాను.

బండి లైట్లే అయితే
పక్కనున్న నాలుగు నక్షత్రాలూ ఉలిక్కిపడాలి.
నాలుగూ కదల్లేదు.
ఆ సంగతి మంగళవారం రాత్రే నాకు తెలుసు.
తెలిసే రాశాను.

ఆ రాత్రి మూపురం మళ్ళీ వచ్చింది.
అక్కడే కాదు. లోయ నడిమధ్య దాటి,
పదకొండూ నలభైకి.

చలిలో లేచి నిలబడ్డాను.
నక్షత్రం ముఖాన ఓ నల్ల మచ్చ.
గ్రహం వెలుగున్న మేర నడిస్తే వెలుగు తగ్గుతుంది,
మచ్చ మీద నడిస్తే తగ్గడానికి అక్కడేముంది?
చీకటిని నీడ కప్పినంతసేపూ
గీత పైకి లేస్తుంది.
రెండు రోజుల్లో మచ్చ జరిగింది, అంటే నక్షత్రం తిరిగింది.
చుట్టుకి పదహారు రోజులు, ఓ రోజు అటూ ఇటూ.

గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు.
కంసాలి త్రాసులో బంగారానికి ఎదురు పెట్టేదీ
ఆ గింజనే.

శనివారం మబ్బు.
గ్వెండాని షెడ్డుకి పిలిచాను, ఫ్లాస్కులో టీ తెచ్చింది.
కప్పు తియ్యలేదు. గ్రాఫులు చూపించాను.
గారెని చూసి నవ్వింది. మచ్చ ఎక్కడంది.
మూపురం మీద వేలు పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.
"నల్ల మచ్చ అన్నావు,
ఇది పైకి లేచిందేమిటి?"